పాలెగాడికి అమెరికన్ యాస

ఈ సెప్టెంబరుతో నేను మా ఆదివారం తెలుగు బడికి మాజీ టీచర్ని అయ్యాను. అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో ఒక మిడిల్ స్కూల్ గదులను వారానికొక పూట అద్దెకు తీసుకుని నడిపే బడి అది. అంతకు ముందు కర్నూలు వైపు ఒక జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా పనిచేశాను. మా ఆయనకు కార్ల కంపెనీలో ఉద్యోగం దొరికి ఇక్కడికి వచ్చాక, ప్రబంధాలు చెప్పిన నోటితో మళ్ళీ అఆలు మొదలుపెట్టాను. మొదట్లో చిన్నతనంగా అనిపించింది. తర్వాత అదే నచ్చింది. కాలేజీలో పిల్లలు మార్కుల కోసం వినేవాళ్ళు. ఇక్కడి పిల్లలు బోరు కొడితే బోరు కొట్టిందని ముఖం మీదే చెప్పేస్తారు.

నా తరగతులను ఇప్పుడు ముగ్గురు పంచుకున్నారు. ముగ్గురూ వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసి ఆదివారం పూట వచ్చేవాళ్ళే. తాళాలు అప్పగించిన రోజున వాళ్ళలో హారిక అనే అమ్మాయి మొహమాటం లేకుండా అడిగింది.

“మేడమ్, వర్క్‌బుక్స్, టెస్టులు అన్నీ మేం మేనేజ్ చేసుకుంటాం. ఆగస్ట్ ప్రోగ్రామ్ ఒక్కటే నాకు అర్థం కావట్లేదు. ఎవ్రీ ఇయర్ ఆ వీరుడి బుర్రకథే ఎందుకు? ఏదైనా ఫన్ స్కిట్ వేయిద్దాం. పిల్లలు కూడా ఎంజాయ్ చేస్తారు కదా?”

మంచి ప్రశ్నే. ఎప్పుడో పోయినవాణ్ణి పట్టుకుని కవులు ఇంకా ఎందుకు పాడతారని దాని అర్థం. నిలబడి జవాబు చెబితే సగం మరిచిపోతాను, మిగతా సగం ఉపన్యాసం అయిపోతుంది. అందుకని ఇంటికొచ్చి రాస్తున్నాను. గుణింతాలు ఎలా నేర్పాలో ఇందులో ఉండదు. అది మీకు పిల్లలే నేర్పుతారు.

ఆగస్టు కవి

ఏటా ఆగస్టులో ఇక్కడి తెలుగువాళ్ళందరం కలిసి స్వాతంత్ర్య దినోత్సవం చేసుకుంటాం. ఒక హైస్కూల్ ఆడిటోరియం, డ్యాన్సులు, పాటలు, చివర భోజనాలు. అందులో మా బడి వంతు బుర్రకథ. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను, బుర్రకథకు ముగ్గురు కావాలి. మధ్యలో తంబురా భుజాన వేసుకుని కథ నడిపేది కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ ‘తందాన తాన’ అని వంతపాడేవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది లోకం పోకడ మీద వ్యాఖ్యానం. కథకుడు ఎంత ఆవేశంలో ఉన్నా హాస్యం చెప్పేవాడు అడ్డుపడి “అదెలా కుదురుతుంది?” అని అడగొచ్చు. అడగాలి కూడా. ఆ అడ్డుపుల్ల లేకపోతే బుర్రకథ వట్టి పొగడ్త అయిపోతుంది.

కథ నేనే రాసేదాన్ని. నేను కవిని కాను. ఆగస్టు కోసం కవినై, సెప్టెంబరులో మళ్ళీ మామూలు మనిషిని అయ్యేదాన్ని. మా వీరుడు ఒక పాలెగాడు, అంటే ఒక చిన్న కోట, చుట్టూ కొన్ని ఊళ్ళు చేతిలో ఉన్న సీమ నాయకుడు. చిన్నప్పుడు మా వైపు విన్న కథలన్నీ కలిపి ఒకణ్ణి చేశాను. చరిత్ర మాస్టార్లు కోప్పడితే పడనీ. అతను కంపెనీ దొరలకు పన్ను కట్టనన్నాడు. కొన్నాళ్ళు కొండల్లో నిలబడ్డాడు. సొంత మనిషే చోటు చెప్పేశాడు. పట్టుకుని ఉరి తీశారు. కథ అంతే. ఏటా పాటలు మార్చేదాన్ని గానీ కథ మార్చలేదు, ఒక్క ఏడాది తప్ప.

ఉరి లేని ఏడాది

మా కార్యక్రమాలకు చాలా ఏళ్ళు ప్రసాద్ గారే పెద్ద. కార్ల సీట్లు డిజైన్ చేసే ఇంజనీరు. స్టేజి పక్కన ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నిలబడేవారు. మనిషి చాలా మంచివాడు. మన కష్టాన్ని నవ్వుతూనే సగానికి కోసేసేవారు. ఆ ఏడాది నా స్క్రిప్ట్ చదివి ఫోన్ చేశారు.

“అంతా సూపర్‌గా ఉంది టీచర్ గారూ. ఆ లాస్ట్‌లో ఉరి మాత్రం తీసేద్దామండీ.”

“ఉరి తీసేస్తే కథేం మిగిలిందండీ?”

“మీ ఐటమ్ తర్వాత డైరెక్ట్‌గా డిన్నర్. జనం బిర్యానీ మూడ్‌లో ఉంటారు. ‘కట్టను, పో’ అంటాడు చూడండీ, అక్కడ ఆపేస్తే క్లాప్స్ మీద క్లోజ్ అయిపోతుంది.”

సరే, అదీ చూద్దామనుకున్నాను. ఆయన చెప్పినట్టే క్లాప్స్ వచ్చాయి, బాగానే వచ్చాయి. అందరూ లేచి భోజనాల లైన్లోకి వెళ్ళిపోయారు. కొడుకు దగ్గరికి వచ్చిన ఒక నెల్లూరు పెద్దావిడ మాత్రం ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“ఏమ్మా, కట్టనన్నాడు సరే. వాళ్ళు ఊరుకున్నారా?”

“ఊరుకోలేదండీ.”

“మరి అది చెప్పలేదే? ఊరుకుని ఉంటే ఆయన గొప్పేముందిలే!”

నాకు కాలేజీలో ఏ ప్రొఫెసరూ ఇంత సూటిగా చెప్పలేదు. మూల్యం చెప్పకుండా వీరుణ్ణి పొగిడితే వాడు తలపాగా చుట్టుకున్న మనిషిగా మాత్రమే మిగులుతాడు. మన దేశభక్తి గేయాల్లో సగం అందుకే ఇంటికెళ్ళేలోపు మరుపున పడతాయి. అందులో మీసాలుంటాయి, కత్తులుంటాయి, మరిగే నెత్తురుంటుంది. ఆ మనిషికి ఏం పోయిందో ఉండదు. మరుసటి ఏడాది ప్రసాద్ గారు తనే ఫోన్ చేసి “ఉరి తీసుకోండి టీచర్ గారూ, కానీ రెండు నిమిషాల్లో అయిపోవాలి” అన్నారు. ఆ మాట తలుచుకుని నేనూ మా ఆయనా ఇప్పటికీ నవ్వుకుంటాం.

పాతవాడి సుఖం

కవులకు పాత వీరులంటే ఎందుకంత ఇష్టమో పనిలో పడ్డాకే నాకు తెలిసింది. అందులో కొంత పిరికితనం ఉంది, దాచడం ఎందుకు. పాతవాణ్ణి పొగిడితే ఎవరికీ కోపం రాదు. దొరల కాలంలో దొరను నోరారా తిట్టలేని కవి ఎప్పటిదో ఒక రాజును ఎత్తుకుని పాడేవాడు. ఎవరిని అంటున్నాడో వినేవాళ్ళకు తెలుసు. దొరకూ తెలుసు, కానీ పట్టుకోవడానికి ఏమీ దొరికేది కాదు.

ఇక్కడ మా హాల్లోనూ అదే జరిగేది. సీట్లలో కూర్చున్నవాళ్ళలో చాలామంది హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాళ్ళు, గ్రీన్‌కార్డు లైన్లో ఏళ్ళ తరబడి నిలబడ్డవాళ్ళు. ఆఫీసులో మేనేజర్ శనివారం రమ్మంటే ‘ష్యూర్’ తప్ప ఇంకో మాట రాని మనుషులు. పాలెగాడు ‘కట్టను’ అనగానే ఈలలు వేసేది వాళ్ళే. నేను వాళ్ళను వెక్కిరించడం లేదు. మా ఇంట్లోనూ ఏళ్ళపాటు ‘ష్యూర్’ అంటూనే బతికాం. మనం అనలేని మాట ఎవరో ఒకరు ఒకప్పుడు అన్నారని వినడంలో పెద్ద ఊరట ఉంది.

ఈ పనిలో ఒక ప్రమాదం కూడా ఉంది. పాత వీరుడి భుజం మీద తుపాకి పెట్టి ఇప్పటి పక్కింటివాణ్ణి కాల్చమని అడిగేవాళ్ళు వస్తారు. ఫలానా వాళ్ళ మీద రెండు చురకలు పెట్టండి మేడమ్, హాలు ఊగిపోతుంది అంటారు. పెట్టకండి. వాళ్ళకు వీరుడితో పని లేదు, తుపాకితోనే పని.

అందరి పిల్లలూ వీరులే

బుర్రకథకు ముగ్గురే చాలు గానీ మా బడిలో పిల్లలు ఎక్కువ. అందుకని కథ చుట్టూ చిన్న చిన్న వేషాలు కల్పించాను. సైనికులు, ఊరివాళ్ళు, దొర కలెక్టరు. కలెక్టరు వేషానికి టోపీ ఉంది కాబట్టి పోటీ ఉండేది. పాలెగాడికి సరేసరి. చోటు చెప్పేసిన ద్రోహి వేషానికి మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరూ పిల్లాణ్ణి ఇవ్వలేదు.

“మా వాడికి ఆ రోల్ వద్దు మేడమ్,” అనేవాడు ఒక తండ్రి బతిమాలుతూ. “వీడియో ఇండియాలో మా అత్తగారు వాళ్ళు చూస్తారు.”

చివరికి ద్రోహిని పాటలో ఉంచి, స్టేజి మీద లేకుండా చేశాను. మొదట్లో విసుక్కునేదాన్ని. తర్వాత అది నాకు పాఠమైంది. మన పిల్లవాడు ఎవరివాడుగా కనిపించాలో మనకు అంత పట్టింపు. ఆ పట్టింపు మీద నేనొక పద్ధతి పెట్టాను. కథ అయ్యాక పిల్లలు ఒక్కొక్కరే మైకు దగ్గరికి వచ్చి తన పేరు, తను ఎవరి అబ్బాయో, ఎవరి అమ్మాయో చెప్పాలి. మన పెద్దవాళ్ళు కొత్త పిల్లల్ని చూడగానే అడిగేది అదే కదా. ప్రసాద్ గారి టైమర్ కూడా అక్కడ ఆగేది.

సహస్ర

ఇక్కడ పుట్టిన పిల్లలు కలెక్టరు వేషం అదరగొడతారు. ఇంగ్లీషు వాళ్ళ సొంతం. చిక్కల్లా పాలెగాడితోనే. నాలుక మడత పెట్టి వాళ్ళు పలికే తెలుగు విని ఒకసారి వెనక వరసలోంచి ఎవరో “కలెక్టరూ పాలెగాడూ ఒకే స్కూల్లో చదివినట్టున్నారే!” అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. పిల్లలు కూడా నవ్వారు.

సహస్ర నా దగ్గర చిన్నప్పటి నుంచి చదువుకున్న పిల్ల. హైస్కూల్లో చేరిన ఏడాది దాన్ని కథకురాలిగా నిలబెట్టాను. గొంతు బాగుంటుంది, తంబురా పట్టుకుంటే వెన్ను దానంతటదే నిటారు అవుతుంది. రిహార్సల్ ప్రసాద్ గారి బేస్‌మెంట్‌లో. చూడ్డానికి వచ్చిన తాతయ్యలూ అమ్మమ్మలూ దాని యాసకు ముసిముసిగా నవ్వారు. ప్రసాద్ గారు నన్ను పక్కకు పిలిచారు.

“హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన పాప ఉంది కదండీ, తన తెలుగు క్రిస్ప్‌గా ఉంది. స్వాప్ చేద్దామా?”

“చెయ్యనండీ,” అన్నాను. పాలెగాడు అప్పుడప్పుడు నాకు కూడా పూనుతాడు.

అందరూ వెళ్ళాక సహస్ర నాతో కుర్చీలు మడత పెడుతూ ఉండిపోయింది.

“టీచర్ ఆంటీ, ఐ వాంట్ టు డ్రాప్.”

“నీ తెలుగు గురించి నవ్వారనా? వాళ్ళ మాట పట్టించుకోకు.”

“యాక్సెంట్ కాదు ఆంటీ, ఐ డోంట్ కేర్. ఈ స్టోరీ నాకు నచ్చలేదు. ఆయన నో అన్నాడు, దెన్ చంపేశారు. ఆయన ఫ్యామిలీకి ఏమయింది? ఎవరూ చెప్పరు. హి లాస్ట్. ఓడిపోయినవాడికి మనం ఎందుకు పాడాలి?”

ప్రేరణ, త్యాగం అని నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ఎత్తుకోబోయాను. అది నా మాట మధ్యలోనే అంది.

“మా డాడ్ కూడా నో అన్నాడు.”

వాళ్ళ నాన్న మధుసూదన్ కారు భాగాలు పరీక్షించే ఇంజనీరు. నెమ్మదస్తుడు. మా కార్యక్రమాల్లో ఎప్పుడూ స్టేజి ఎక్కకుండా భోజనాల దగ్గర గరిటె పట్టుకునే మనిషి. పరీక్షలో నిలవని ఒక భాగాన్ని నిలిచిందని సంతకం పెట్టి చెప్పమని అతని పైవాళ్ళు అడిగారు. చెప్పనన్నాడు. కొన్ని వారాలకే టీమ్ తగ్గిస్తున్నామంటూ అతన్ని ఇంటికి పంపేశారు. హెచ్‌వన్ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోవడమంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. త్వరగా ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేదా ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లను తీసుకుని దేశం వదలాలి. సహస్రకు ఇక్కడ స్కూలు, స్నేహితులు, బ్యాండ్‌లో దాని క్లారినెట్. వాటన్నిటికీ మించి దాన్ని తొలిచేస్తున్నది ఒక మాట. ఎవరింటి పార్టీలోనో పెద్దవాళ్ళు అనుకుంటుండగా విందట. “ఆ సంతకమేదో పెట్టేస్తే పోయేది కదా, మధుకి ఎందుకొచ్చిన హీరోయిజం?”

“సో ఎండింగ్‌లో నేను చేసినా, జస్ట్ నా పేరు చెప్తాను ఆంటీ. డాడ్ పేరు చెప్పను. అందరూ లుక్ ఇస్తారు.”

పిల్లను దగ్గరికి తీసుకున్నాను. దాని కోపం వాళ్ళ మీదా, నాన్న మీదా అన్నది దానికే తెలియడం లేదు. కాసేపటికి తనే అడిగింది.

“స్టోరీలో మిగతావాళ్ళు ఏం చేశారు? ఎవ్రీబడీ ఎల్స్?”

“పన్ను కట్టారమ్మా. పిల్లలు గలవాళ్ళు, ఏం చేస్తారు?”

“దెన్ ఈ పాట ఎవరు రాశారు?”

ఇన్నేళ్ళు ఆ కథ రాసి, పాడించి, నేను ఆ మాట ఎప్పుడూ అడగలేదు. “ఆ ఊళ్ళవాళ్ళేనమ్మా,” అన్నాను. సహస్ర మిగతా కుర్చీలు మడిచింది.

వెళ్ళేముందు దానితో ఒక ఒప్పందం చేసుకున్నాను. ఓడిపోయినవాడి పాట మనకెందుకన్న దాని ప్రశ్నను హాస్యం చెప్పే నిఖిల్ నోట పెడతాను. జవాబు మాత్రం నేను రాయను. కథకురాలు తనే, తనకు తోచింది చెప్పాలి. ఏమీ తోచకపోతే తంబురా మీటి ముందుకు వెళ్ళిపోవచ్చు. చివర మైకు దగ్గర ఏం చెప్పాలన్నది కూడా దాని ఇష్టం.

ఆ ఆగస్టు

ముందే చెప్పేస్తాను, మీరు దిగులు పెట్టుకోకండి. ఆ తర్వాత మధుసూదన్‌కు అమెరికాలోనే ఫ్రీమాంట్‌లో ఉద్యోగం దొరికింది. ఇల్లు చిన్నది, అద్దె పెద్దది, గ్రీన్‌కార్డు లైను ఇంకా అలాగే ఉంది. అందరూ కులాసాగా ఉన్నారు, సహస్ర ఫోన్ చేస్తూనే ఉంటుంది. కానీ ఆ ఆగస్టు సాయంత్రానికి ఇవేవీ తెలియవు. ఆ ఇంట్లో సగం సామాను అట్టపెట్టెల్లోకి ఎక్కేసింది.

నేను స్టేజి పక్కన తెర చాటున నిలబడ్డాను. కథ బాగా నడుస్తోంది. యాసకు మొదట్లో నవ్విన హాలు, పాలెగాణ్ణి పట్టుకునే చోటికి వచ్చేసరికి సద్దుమణిగింది. అప్పుడు నిఖిల్ గుమ్మెట ఆపాడు.

“అక్కా, అక్కా! ఓడిపోయాడు కదక్కా. ఓడిపోయినవాడి పాట మనకెందుకక్కా?”

సహస్ర తంబురా ఆపేసింది. ప్రసాద్ గారు ఫోన్ వంక, నా వంక మార్చి మార్చి చూశారు. మాట మరిచిపోయిందనుకుని వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కూడా మొదలుపెట్టారు. అది చెయ్యెత్తి ఆపింది.

“ఊళ్ళో అందరూ టాక్స్ కట్టారు తమ్ముడూ. ఆయన ఒక్కడే కట్టలేదు. ఆయన చచ్చిపోయాడు, సో ఆయన పాట ఆయన రాయలేదు. మరి ఎవరు రాశారు?” సహస్ర హాలు వైపు తిరిగింది. “కట్టినవాళ్ళే రాశారు. వాళ్ళకి భయం వేసింది, కట్టారు. దట్స్ ఓకే. కానీ ఆయనే రైట్ అని వాళ్ళకి తెలుసు. అందుకే పాడారు.”

ఈలలు రాలేదు. ‘ఎందుకొచ్చిన హీరోయిజం’ అన్నవాళ్ళు ఎవరో నాకు తెలియదు, తెలుసుకోలేదు. వాళ్ళు కూడా అక్కడే ఎక్కడో కూర్చుని ఉంటారు. నిఖిల్‌కు ఏం చెయ్యాలో తెలియక ‘తందాన తాన’ అనేశాడు. కథ మళ్ళీ కదిలింది. ఉరి రెండు నిమిషాలు దాటింది. ప్రసాద్ గారు ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు.

కాబట్టి హారికా, ఫన్ స్కిట్ కూడా వేయించు, నాకేం అభ్యంతరం లేదు. బుర్రకథ మాత్రం ఆపకండి. వీరుల్ని కవులు పాడేది వీరుల కోసమని నేనూ చాలాకాలం అనుకున్నాను. పాట అవసరం కట్టినవాళ్ళకు, వాళ్ళ పిల్లలకు. అతను మావాడేనని ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పుకోవడానికి.

కథ అయ్యాక పిల్లలు మైకు దగ్గర వరస కట్టారు. నిఖిల్ ఎవరి అబ్బాయో చెప్పాడు, కలెక్టరు టోపీ తీసి ఎవరి అబ్బాయో చెప్పాడు. చివర సహస్ర వచ్చింది. హాలు వెనక తలుపు దగ్గర మధుసూదన్ ఏప్రన్ కట్టుకుని, చేతులకు ప్లాస్టిక్ గ్లవ్స్ తొడుక్కుని నిలబడి ఉన్నాడు. ఆ రోజు అన్నం కౌంటర్ అతనిది. కూతురి కథ వినడానికి వచ్చి అక్కడే ఆగిపోయినట్టున్నాడు.

“నా పేరు సహస్ర,” అంది. అని ఆగింది. నాన్న పేరు చెప్పనన్న మాట నాకు గుర్తుంది. దిగి వచ్చేస్తుందనుకుని చెయ్యి చాపాను.

అది నా వైపు చూడలేదు. మైకు ఇంకొంచెం కిందికి దించుకుంది. వెనక తలుపు వైపు చూస్తూ, అదే యాసలో, ప్రతి అక్షరం నిలబెట్టి చెప్పింది.

“మధుసూదన్ గారి అమ్మాయిని.”